హెచ్చరిక మన గడప దాకా రావాలంటే: ఊరి ముప్పును తెలుసుకుని, అధికారులతో నమ్మకం కుదుర్చుకునే పద్ధతి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. 1990 మే 9న ఇంచుమించు అదే తీరాన్ని ఇంకో పెనుతుపాను తాకింది. ఆసారి పోయినవాళ్లు వెయ్యి లోపు. ఈ మధ్య కాలంలో సముద్రం ఏమీ శాంతించలేదు. రాడార్లు వచ్చాయి, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి, తీరం వెంట షెల్టర్లు లేచాయి. ఇవన్నీ ఉన్నా, ఇల్లు వదిలి రమ్మంటే జనం కదలాలి కదా. లక్షల మంది కదిలారు. 1977ను కళ్లారా చూసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండబట్టే, చెప్పే మాట మీద గురి కుదరబట్టే అది జరిగిందని నా నమ్మకం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో మా వీధిలో చాలామంది కృష్ణ వైపే చూస్తున్నారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు పోతున్నాయో ఫోన్లలో చూసుకుంటూ, కరకట్ట దాటి మన దాకా రావులే అనుకున్నారు. నీళ్లు మాత్రం వెనక నుంచి, బుడమేరు వాగు వైపు నుంచి వచ్చాయి. ఎగువన ఏం జరుగుతోందో మా గడప దాకా ఏ మాటా రాలేదు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఎవరు ఏ హెచ్చరిక చెప్పినా మా వీధిలో ఒకటే జవాబు: "అప్పుడు చెప్పారా, ఇప్పుడు చెప్పడానికి?"

అక్కడ మొదలుపెట్టి మేం నేర్చుకున్న పద్ధతి ఇది. వార్డులో, పల్లెలో, డ్వాక్రా సంఘంలో, అపార్ట్‌మెంటు సంఘంలో నలుగురైదుగురు పూనుకుంటే రెండు నెలల్లో అయ్యే పని. ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్ వానలకు ముందే ఒక కొలిక్కి వస్తుంది. తీరప్రాంతం వాళ్లు ఆగస్టులో మొదలుపెట్టినా అక్టోబరు, నవంబరు తుపాన్లకు అందుకోవచ్చు.

1. నీళ్లు ఎటు నుంచి వస్తాయో ముందు రాసుకోండి

ఒక పెద్ద నోటుపుస్తకం తీసుకోండి. ఊళ్లో ముప్పై, నలభై ఏళ్లుగా ఉంటున్నవాళ్ల దగ్గరికి వెళ్లి ప్రతి ముంపు గురించీ ఐదు సంగతులు అడగండి: ఏ ఏడు, నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎంత ఎత్తు వచ్చాయి, మొదటి నీటిచుక్క కనిపించాక ఇల్లు మునగడానికి ఎంతసేపు పట్టింది, ఎన్నాళ్లు నిలిచాయి. ఎత్తును అడుగుల్లో అడగొద్దు. "మీ గుమ్మంలో మెట్టు దాటిందా, మంచం మునిగిందా, కిటికీ దాకా వచ్చిందా" అని అడిగితే సరైన జవాబు వస్తుంది. తర్వాత మీరే టేపు పెట్టి కొలవండి.

వీటిలో రెండో ప్రశ్నే అసలైనది. మా విషయమే చూడండి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి వస్తుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ఉంది. అక్కడి నుంచి మళ్లింపు కాలువ కొంత నీటిని తీసుకెళ్లి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. మిగతా ఏరు నగరానికి ఉత్తరాన కాలనీల మధ్య నుంచి కొల్లేటి వైపు పోతుంది. కృష్ణే నిండుగా పారుతుంటే మళ్లింపు కాలువ నీటికి కలిసే దారి ఉండదు. 2024లో సరిగ్గా అదే జరిగింది. కొండల్లో కుండపోత, బ్యారేజీ దగ్గర సెప్టెంబరు 2న 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వాళ్లు రోజుల తరబడి డాబాల మీద ఉన్నారు. ఈ మొత్తం సంగతి మా వీధిలో పాతికేళ్ల లోపు వాళ్లలో ఒక్కరికీ ముందు తెలియదు. పెద్దవాళ్లలో ఇద్దరికి తెలుసు. ఏ పిల్లలూ వాళ్లను ఎప్పుడూ అడగలేదు.

రాసుకున్నదాన్ని ఒక చార్టు మీద పటంగా గీయండి. పల్లం ఏది, మెరక ఏది, ఏ కల్వర్టు ముందు మునుగుతుంది, పూడ్చేసిన పాత కాలవ ఎక్కడుండేది. పూడ్చిన కాలవను తప్పకుండా గీయండి, నీరు తన పాత దారి మర్చిపోదు.

2. పెద్ద అంకెలను మీ వీధి అంకెలుగా మార్చండి

అధికారులు అబద్ధం చెప్పారని జనం అనుకునే సందర్భాల్లో సగం, చెప్పింది అర్థం కాకపోవడం వల్ల వచ్చేవే. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. ఇవి టీవీలో వస్తాయి. నది మధ్య లంకలో ఉండే రైతుకు కావలసింది వేరే సంగతి: ధవళేశ్వరంలో ఎంత ఉన్నప్పుడు మా కాజ్‌వే మునుగుతుంది, ఎంత ఉన్నప్పుడు పశువులను దాటించలేం.

ఆ అంకె ఏ కార్యాలయంలోనూ దొరకదు, మీరే తయారు చేసుకోవాలి. వరద వచ్చిన ప్రతిసారీ రెండు గళ్లు నింపండి: ఫలానా గంటకు బ్యారేజీ దగ్గర ఇంత, అదే గంటకు మా రేవు దగ్గర ఇంత. రెండు మూడు వరదలకే మీ ఊరి లెక్క తేలిపోతుంది. 2022 జులైలో భద్రాచలం 71 అడుగులు దాటిన రోజున మీ గుమ్మంలో నీళ్లెక్కడున్నాయో గుర్తున్నవాళ్లు ఉంటే దాన్నీ పట్టికలోకి ఎక్కించండి.

వాన అంకెలకూ అలాంటి తర్జుమా కావాలి. వాతావరణ శాఖ భాషలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 దాకా భారీ వర్షం, అక్కడి నుంచి 204.4 దాకా అతి భారీ, ఆ పైన అత్యంత భారీ. ఎకరం నేల మీద 200 మిల్లీమీటర్లు పడిందంటే దాదాపు 8 లక్షల లీటర్ల నీళ్లు. ఈ లెక్క చెప్పినప్పుడు మా వీధిలో వాళ్లు డ్రెయిను వైపు తిరిగి చూశారు.

రంగుల సంగతి: పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక చర్య తీసుకోండి. ఎరుపు హెచ్చరిక వచ్చి మన వీధిలో వాన పడలేదంటే అది అబద్ధమైనట్టు కాదు, అది జిల్లా మొత్తానికీ ఇచ్చినది. అలాగే రేవుల్లో ఎగరేసే ఒకటో నంబరు నుంచి పదకొండో నంబరు దాకా ఉండే హెచ్చరికలు ఓడలకూ రేవులకూ ఉద్దేశించినవి. ఆ నంబరు చూసి ఇంట్లో ఉండాలా వెళ్లాలా అని తేల్చుకోకూడదు.

తుపానుకు గాలి వేగం ఒక్కటే చూడకండి. దివిసీమలో ప్రాణాలు ఎక్కువగా తీసింది గాలి కాదు, నీటిగోడ. తీరం దాటే సమయానికి సముద్రం పోటు మీద ఉంటే ఉప్పెన మరింత ఎత్తు లేస్తుంది. అందుకే బులెటిన్‌లో "సాధారణ పోటు కంటే ఇన్ని మీటర్ల ఎత్తున అలలు" అనే వాక్యాన్ని వెతికి చదవండి.

3. ఇంటింటికీ వెళ్లి అడగండి, కానీ సరైన ప్రశ్న అడగండి

మేం మొదట చేసిన పొరపాటు "మీకు అధికారుల మీద నమ్మకం ఉందా?" అని అడగడం. చేతిలో కాగితం పట్టుకుని వచ్చినవాళ్లకు ఎవరైనా ఏం చెబుతారు? "ఉందండి, ఉంది" అన్నారు. అదే మనుషులు వెనక మాట్లాడుకున్నది వేరు. నమ్మకం గురించి నేరుగా అడిగితే మర్యాద జవాబు వస్తుంది. చేసిన పని గురించి అడిగితే నిజం బయటికొస్తుంది.

"పిన్నిగారూ, పోయినసారి నీళ్లొస్తున్నాయని మీకు మొదట ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు నాయనా? పక్కింటి పిల్ల కేకేసింది."

"మైకులో చెప్పలేదా?"

"ఏదో వినపడింది. ఆ వానలో ఏం తెలుస్తుంది? సంతకాలకు పిలుస్తున్నారేమో అనుకున్నా."

ఈ నాలుగు మాటల్లో వంద పేజీల నివేదికలో దొరకనంత ఉంది. హెచ్చరిక ఇచ్చారు, వినపడింది, అర్థం కాలేదు.

మేం చివరికి స్థిరపరచుకున్న ప్రశ్నలు ఇవి. పోయినసారి మీకు ముందుగా చెప్పిందెవరు, ఎన్ని గంటల ముందు? విన్నాక మీరు ఏం చేశారు? కదలకపోతే ఏ కారణంతో ఆగారు? ఈ రాత్రి రెండింటికి ఖాళీ చేయమంటే ఎవరు చెబితే వెంటనే లేస్తారు, ఎవరు చెబితే ఇంకొకరిని అడిగి చూస్తారు? ఎక్కడికి వెళ్లాలో తెలుసా, ఎప్పుడైనా ఆ భవనం లోపలికి వెళ్లారా? ఇంట్లో నడవలేనివాళ్లు, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు ఎవరున్నారు? పోయినసారి నష్టం రాసుకుని వెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి ఏమైందో చెప్పారా?

నలభై, యాభై ఇళ్లు చాలు. సగానికి పైగా పల్లం వైపు ఇళ్లే ఉండాలి. ఇంటి యజమాని ఒక్కడితోనే మాట్లాడి రావద్దు. పగలు ఇంట్లో ఉండేది ఆడవాళ్లు, పెద్దవాళ్లు. అద్దెకున్నవాళ్లను, పనికోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లను తప్పకుండా కలవండి, పాత వరద సంగతులు తెలియనిది వాళ్లకే. మత్స్యకారుల వాడలో అయితే వేటకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చే వేళ చూసుకుని వెళ్లండి. పేర్లు రాయొద్దు, ఇంటి వరస సంఖ్య చాలు. సహాయం కావలసినవాళ్ల జాబితా మాత్రం వేరుగా, వాళ్ల అనుమతితో రాసి, ఇద్దరి దగ్గరే ఉంచండి.

4. అపనమ్మకాన్ని కారణాలుగా విడదీయండి

ఇక్కడ తొందరపడకండి. "జనానికి అవగాహన లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఉంటారు. జవాబులు ముందు పెట్టుకుని చూస్తే, కదలనివాళ్లలో ఎక్కువమందికి ముప్పు సంగతి తెలుసు. ఆగిపోవడానికి కారణాలు వేరే. ఒక్కొక్కదానికి మందు వేరు.

కొందరు "పోయినసారి వెళ్లాం, ఏమీ రాలేదు" అంటారు. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుపానుగా భయపెట్టి, మచిలీపట్నం దగ్గర తీరం చేరేసరికి నీరసించి వాయుగుండంగా మారింది. అంతకు కొన్ని వారాల ముందు ఫైలిన్, వారం ముందే హెలెన్ తుపాన్లు వచ్చాయి. వరసగా మూడుసార్లు సర్దుకున్నవాళ్లకు విసుగు రావడం సహజం. దీనికి భయపెట్టడం మందు కాదు. తుపాను ఎందుకు బలహీనపడిందో తర్వాత వారంలో ఎవరైనా వచ్చి చెప్పాలి. చెప్పే ఆనవాయితీ మన దగ్గర లేదు, అడిగి చెప్పించుకోవాలి.

కొందరు దొంగలకు భయపడి ఆగుతారు. కొందరు గేదెను వదిలి రారు. పాడి మీద బతికే ఇంటికి ఆ గేదే బ్యాంకు, దాన్ని వదిలి రమ్మనడం తేలిక కాదు. ఊళ్లో ఒక మెరక దిబ్బ పశువులకు కేటాయిస్తే, రాత్రి కాపలాకు నలుగురి పేర్లు ముందే చెబితే ఈ ఇళ్లు కదులుతాయి.

ఆడవాళ్లు నోరు విప్పి చెప్పింది మరొకటి: పునరావాస కేంద్రంలో మరుగుదొడ్లకు గడియలు లేవు, దీపం లేదు. వాళ్లకు అధికారి మీద అపనమ్మకమేమీ లేదు, ఆ గది మీదే ఉంది. ఒక గడియ, రెండు బల్బులు, విడిగా ఒక గది. మేం అడిగిన వాటన్నిటిలో త్వరగా జరిగింది ఇదే.

నష్టం రాసుకోవడంలో పక్షపాతం జరిగిందన్న కోపం అన్నిటికన్నా లోతైనది. పక్కింటికి వచ్చి మనింటికి రాకపోతే, ఆ ఒక్క అనుభవం పదేళ్ల హెచ్చరికలను చెల్లకుండా చేస్తుంది. జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టమనండి, అభ్యంతరాలకు గడువు ఇవ్వమనండి. జాబితా అందరి కళ్లముందు ఉంటే సగం కోపం అక్కడే తగ్గుతుంది.

దీనికి ఎదురు వైపున్నది మితిమీరిన నమ్మకం. "కరకట్ట ఉందిగా", "బ్యారేజీ వాళ్లు చూసుకుంటారులే". కట్ట ఉన్నచోట చిన్న వరదలు ఆగిపోతాయి, జనం వరద సంగతి మర్చిపోతారు, పల్లంలో ఇళ్లు లేస్తాయి, గండి పడిన రోజున నష్టం రెట్టింపవుతుంది. మీ జవాబుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో విడిగా లెక్కపెట్టండి. నాకైతే అపనమ్మకం కన్నా ఇదే ఎక్కువ భయం.

5. సచివాలయానికి వెళ్లే పద్ధతి

వరద రోజున అరవడానికి కాకుండా, ఎండాకాలంలో మాట్లాడటానికి వెళ్లండి. అప్పుడు వాళ్లకు వినే తీరిక ఉంటుంది. ముందు వార్డు లేదా గ్రామ సచివాలయం, తర్వాత తహసీల్దారు. కాలువ, కట్ట సంగతులకు జలవనరుల శాఖ ఇంజనీరు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాకు ఒక విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఉంటుంది, కలెక్టరు దానికి అధ్యక్షులు. జిల్లా ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సరిచూడాలి. మీ మండలం పేజీ చూపించమని అడగండి.

చేతిలో ఒక్క కాగితం చాలు. పైన మీ ముంపు పటం. కింద మూడే కోరికలు, మూడూ ఆ స్థాయి అధికారి చేయగలిగినవే. ఉదాహరణకు: షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఇద్దరి పేర్లు తలుపు మీద రాయించండి, ఎగువన గేట్లు ఎత్తితే మా వార్డుకు ఫోను చేయాల్సిన బాధ్యత ఎవరిదో చెప్పండి, ఫలానా కల్వర్టు పూడిక జూన్ లోపు తీయించండి. ముప్పై కోరికలున్న వినతిపత్రం ఫైల్లోకి పోతుంది. మూడున్నదానికి జవాబు వస్తుంది.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దాన్ని బెదిరింపుగా వాడకండి. "మా వార్డు ఖాళీ చేయించే ప్రణాళిక నకలు ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. ప్రణాళిక లేదని జవాబు వచ్చినా మంచిదే, దాన్ని తయారు చేసే పని అక్కడి నుంచి మొదలవుతుంది.

ఒక మాట. మేం కలిసిన కిందిస్థాయి ఉద్యోగుల్లో చాలామంది కూడా నీళ్లలో నిలబడినవాళ్లే. వాళ్లకూ పై నుంచి సమాచారం ఆలస్యంగా వచ్చింది. వాళ్లను నిందితులుగా కూర్చోబెట్టి మాట్లాడితే తలుపు మూసుకుంటుంది. "మీకు ఎన్నింటికి తెలిసింది సార్, ఎవరు చెప్పారు?" అని అడిగితే, గొలుసు ఎక్కడ తెగిందో వాళ్లే చూపిస్తారు.

6. ఫోను పనిచేయని రోజుకు గొలుసు వేయండి

ఫోన్లలో విపత్తు హెచ్చరికలకు సచేత్ యాప్ పెట్టుకోండి, పిడుగులకు దామిని యాప్. రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077, అత్యవసరానికి 112. వీటిని గోడ మీద రాయండి. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోను సిగ్నలు రోజుల తరబడి లేవు. అందుకని పది ఇళ్లకు ఒకరు చొప్పున, నోటితో చెప్పి తలుపు కొట్టే మనుషులు ఉండాలి. గుడి, మసీదు, చర్చి మైకులకు బ్యాటరీ ఉందో లేదో చూడండి. చెవులు వినపడనివాళ్ల ఇంటికి వెళ్లి భుజం తట్టే మనిషి ఎవరో పేరు రాయండి.

చెప్పే మాట ఇలా ఉండాలి: "తహసీల్దారు గారు సాయంత్రం నాలుగింటికి చెప్పారు. రాత్రి పదికల్లా మన కల్వర్టు మునుగుతుంది. ఎనిమిదిలోపు పల్లం వైపు ఇళ్లవాళ్లు హైస్కూలుకు రండి. మందులు, ఆధార్ కార్డు, పిల్లల బట్టలు తెచ్చుకోండి. మళ్లీ ఏడింటికి చెబుతాం." ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఏం జరుగుతుంది, ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు చెబుతాం. ఈ ఐదు లేని వాట్సాప్ సందేశాన్ని ముందుకు పంపకూడదని వీధిలో ఒప్పందం చేసుకోండి. చెప్పిన ఏడింటికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా చెప్పండి. చెప్పకపోతే ఆ మౌనంలోనే పుకార్లు పుడతాయి.

ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లకు ఇంకొకటి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి నిద్రలో ఉన్నవాళ్ల మీదికి వచ్చింది. అది గాలి కన్నా బరువైనది, నేలను అంటుకుని పాకుతుంది. సైరన్ మోత ఎలా ఉంటుందో, దేనికి ఎన్నిసార్లు మోగిస్తారో ముందే వినిపించమనండి. గాలి వీచే దిక్కుకు అడ్డంగా పోవాలని పిల్లలకు నేర్పండి.

7. ఒక రాత్రి నడిచి చూడండి

పగటి మాక్‌డ్రిల్ ఫొటోలకు బాగుంటుంది. మీరు రాత్రి తొమ్మిదికి, వీధి దీపాలు ఆపించి, టార్చిలతో షెల్టరు దాకా నడవండి. ఒక తాతగారిని చక్రాల కుర్చీలో తీసుకెళ్లండి. మేం ఇరవై నిమిషాలు అనుకున్న దారికి గంట పట్టింది. మధ్యలో తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ కనబడింది, బడి గేటు తాళం తెరిచే మనిషి పక్క ఊరికి వెళ్లి ఉన్నాడు. సచివాలయం నుంచి ఒకరిని కూడా నడవమని పిలవండి. ఆ గంటసేపు కలిసి నడిచిన ఉద్యోగి పేరు తర్వాత వీధంతా గుర్తుంచుకుంది.

8. గండం గడిచాక లెక్క చూడండి

వరద లేదా తుపాను పోయిన పది రోజుల్లో అందరూ కూర్చోండి, అధికారిని పిలవండి. పుస్తకంలో ఒక పక్క "ఏం చెప్పారు, ఎన్నింటికి", మరో పక్క "ఏం జరిగింది, ఎన్నింటికి" అని రాయండి. చెప్పినట్టు జరిగితే పేరు పెట్టి చెప్పండి. చెప్పింది జరగకపోతే, ఎందుకో అడిగి ఆ జవాబునూ రాయండి. ఖాళీ చేయించాక ఏమీ రాకపోయినా, సమయానికి చెప్పినందుకు కృతజ్ఞత చెప్పండి. లేకపోతే తర్వాతసారి ఆ అధికారి తిట్లకు భయపడి ఆలస్యం చేస్తాడు. మూడో మెట్టులోని ప్రశ్నలనే ఏడాదికోసారి అవే ఇళ్లలో మళ్లీ అడగండి. "ఎవరు చెబితే వెంటనే లేస్తారు?" అన్నదానికి జవాబులు మారుతున్నాయో లేదో చూడండి.

మా వీధిలో 2024 నీటిమట్టాన్ని ప్రతి ఇంటి గోడ మీదా నీలం రంగుతో గీశాం. ఇల్లు అద్దెకు పోదని మొదట ఇద్దరు యజమానులు చెరిపేశారు. వాళ్లతో గొడవపడకుండా, వీధి మొదట్లో కరెంటు స్తంభం పక్కన ఒక రాయి పాతి దాని మీద గీశాం. ఇప్పుడు ఇల్లు చూసుకోవడానికి కొత్తవాళ్లు వస్తే, ముందు ఆ రాయి దగ్గరికి తీసుకెళ్లి, హైస్కూలుకు దారి చూపించి, ఆ తర్వాతే ఇంటి తాళం తీస్తున్నాం.